వంతపాడిన బాలుడు: నెల్లికుదురు సీమలో ఒగ్గు బృందముల పూర్వకథ

తొర్రూరునుండి మహబూబాబాదునకు పోవు దారిలో, చెరువులును చెలకలును ఒకదానివెంట నొకటి ఎదురగుచుండు నేలమీద, నెల్లికుదురు అను ఊరు గలదు. చిరకాలము వరంగల్లు జిల్లాలో భాగమై యుండి, 2016 అక్టోబరు 11వ తేదీనాటి విభజనతో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ మండలమున మునిగలవీడు, శ్రీరామగిరి, బ్రాహ్మణ కొత్తపల్లి వంటి గ్రామములును, వాని నడుమ లంబాడీ తండాలును, ఊళ్ల యంచులను గొర్లమందలును ఉన్నవి. సంక్రాంతి గడచి, వానకాలపు వడ్లు ఇల్లు చేరి, రైతు కొంత ఊపిరి తీసికొను దినములలో, ఈ దారిని రాత్రివేళ నడచువానికి ఎచ్చటనుండియో డోలు వినిపించును. మొదట ఒక్క డోలు. కొంతసేపటికి దానిని వెన్నంటి తాళములు. ఆ రెండింటి నడుమ, అప్పుడప్పుడే మీసము మొలచుచున్న పిల్లవాని గొంతు. ఆ గొంతు ఎవరిది, అది ఆ కథలోనికి ఎట్లు వచ్చినది, పెరిగి పెద్దదై ఎచ్చటికి పోవుచున్నది అను విషయమును చెప్పుటకే ఈ వ్యాసము.

లోకమున పడుచు గాయకుల బృందములను గూర్చిన ముచ్చట వచ్చినప్పుడెల్ల మనవారు సముద్రముల కావలి దేశములనే తలచుకొందురు. అది సహజమే. స్పానిష్ భాష మాటలాడు ప్యూర్టోరికో దీవిలో 1977వ సంవత్సరమున ఎడ్గార్డో డియాజ్ అను నిర్వాహకుడు ఐదుగురు బాలురను చేర్చి ‘మెనూడో’ అను గాయకబృందమును నెలకొల్పెను. వారి పాటయు ఆటయు లాటిన్ అమెరికా దేశములనెల్ల కొద్దికాలములోనే ఉఱ్ఱూతలూగించినవి. అయితే ఆ బృందమున కొక కఠినమైన కట్టుబాటుండెను. పదునారేండ్లు నిండుటతోనో, గొంతు మారుటతోనో, బాలుడు సామాన్యముగా బృందమును విడిచిపోవలసినదే. అతని స్థానమున మరియొక చిన్నవాడు వచ్చి నిలుచును. బృందమునకు వయసు రాదు. బాలునికి మాత్రము వచ్చును. 1984లో 12 ఏండ్ల ప్రాయమున అందు చేరిన రికీ మార్టిన్, 1989లో వెలికి వచ్చి, తరువాత జగత్ప్రసిద్ధుడయ్యెను. ఆ రికీ మార్టినే 2015లో ‘లా బాండా’ అను టెలివిజను పోటీకి న్యాయనిర్ణేతలలో నొకడై కూర్చుండగా, ఆ పోటీలో గెలిచిన ఐదుగురు యువకులతో ‘సీఎన్‌సీఓ’ అను కొత్త బృందము పుట్టెను. దాని కీర్తి మెరుపువలె వ్యాపించెను. 2022లో, ఏడేండ్లయినను నిండకముందే, విడిపోవుచున్నామని వారు ప్రకటించిరి.

ఈ వృత్తాంతమును వినునప్పుడు మన సీమవాని మనస్సున ఒక ప్రశ్న ఉదయింపక తప్పదు. బాలురు గుంపుగూడి, ఒకే లయకు అడుగులు వేయుచు, పాటచేతను ఆటచేతను వేలమందిని కట్టి నిలుపు బృందము మన యొద్ద లేదా? ఉన్నది. దానికి నిర్వాహకుడు లేడు, ఒప్పందపత్రము లేదు, టెలివిజను పోటీ లేదు. అది కురుమల యింటను, గొల్లల వాడను, మల్లన్న గుడి ముంగిటను పుట్టినది. దానిని ఒగ్గు అందురు. గొంతు మారిన పిల్లవానిని అది వెలికి పంపదు సరికదా, అసలు పని అప్పుడే ఒప్పగించును. ఈ భేదమునందే దాని చరిత్ర యంతయు ఇమిడియున్నదని నా విశ్వాసము.

ఈ నేలకు పాట కొత్త గాదు. నెల్లికుదురునకు పడమరగా, తొర్రూరు దాటిన పిదప వచ్చు పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరు. శాస్త్రపండితులు వృత్తపద్యములను, సంస్కృతసమాసములను గొప్పగా నెంచుచున్న కాలమున, ఆ మహాకవి జనులు కూడి పాడుకొనుటకు వీలైన ద్విపదను చేపట్టి ‘బసవపురాణము’ను, ‘పండితారాధ్యచరిత్ర’ను రచించెను. శివరాత్రికి శ్రీశైలమల్లికార్జునుని చూడబోవు యాత్రికులను వర్ణించుచు, తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, నివాళిపదములు, వెన్నెలపదములు మున్నగు పాటలను ఆయన పేరుపేరున చెప్పియున్నాడు. సుమారు ఏడు శతాబ్దములకు పూర్వమే సామాన్యజనుల నోట ఇన్ని రకముల పాటలు మెలగుచుండెనని మనకు తెలియుట ఆయన చలువయే. ఆ యాత్రికులు దర్శింపబోయిన మల్లికార్జునుడే, శ్రీశైలశిఖరమునుండి దిగివచ్చి, కొమురవెల్లిలోను ఐనవోలులోను మల్లన్నయై గొల్లకురుమల యింటిదేవుడయ్యెను. ఆ దేవుడు తపస్సు చేయు విరాగి కాడు. గొల్ల కేతమ్మను, బలిజ మేడలమ్మను చేపట్టి, ఇరుప్రక్కల ఇద్దరు భార్యలతో కొలువున్న గృహస్థుడు. గొర్లకాపరికిని వర్తకునికిని ఏకకాలమున అల్లుడైన వాని పెండ్లిని ఏటేట జరిపించుటకు ఎవరో యొకరు కావలెను గదా. వారే ఒగ్గు పూజారులు. ఊరివారి నోట ‘ఒగ్గోళ్లు’.

ఒగ్గు అనగా శివుని చేతి డమరుకము. కథకుడు చేత బట్టిన ఆ చిన్న వాద్యము పేరే కథకును, కథ చెప్పువారికిని పేరై నిలిచినది. వీరు ప్రధానముగా చెప్పు కథలు మూడు. మొదటిది మల్లన్న కథ. రెండవది బీరప్ప కథ. అక్క మహంకాళి చేతులలో పెరిగి, కామరాతిని పెండ్లాడుటకై నానాయాతనలు పడిన ఆ వీరుడు కురుమల కులదేవుడు, అతనికి చేయు బీర్లపండుగ దినముల తరబడి సాగును. మూడవది ఎల్లమ్మ కథ. రేణుకాదేవి, జమదగ్ని, పరశురాముల పురాణమే ఇచ్చట మన పల్లె యాడుబిడ్డ గోసగా మారి, విన్న స్త్రీలచేత కంటతడి పెట్టించును. ఈ మూడింటినే కాక హరిశ్చంద్రుని కథను, మాంధాత కథను, సారంగధరుని కథను సైతము చెప్పుదురు. ఇందు స్త్రీపాత్రలను ధరించువారును పురుషులే. చీరకొంగు భుజమున వేసికొని, కాళ్లకు గజ్జెలు కట్టి, నుదుట పసుపు పూసికొని నిలిచిన యువకుడు, చూచుచుండగనే ఎల్లమ్మయై పోవును.

కథకు ముందు పట్నము వేయుదురు. ఈ పనిని దగ్గరనుండి చూచినగాని ఒగ్గువాని చేతి నేర్పు తెలియరాదు. పేడతో అలికిన వాకిట కథకుడు మోకాళ్లమీద కూర్చుండి, పిడికిట పిండి పట్టి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సన్నని ధారగా విడుచుచు, గీతకు గీత కలుపుచు పోవును. తెలుపునకు బియ్యపుపిండి, పసుపుపచ్చకు పసుపు, ఎరుపునకు కుంకుమ, ఆకుపచ్చకు ఎండిన ఆకుల పొడి, నలుపునకు కాల్చిన ఊకబూడిద. ఈ ఐదు రంగులతో, కొలబద్ద యొక్కటియు లేకయే, గళ్లు గళ్లుగా కోటవలె ఒక పట్టణము నేలమీద లేచును. ఆ పట్టణముననే మల్లన్నకు పెండ్లి జరుగును. ప్రక్కన గంపలో బండారి, అనగా పసుపు, సిద్ధముగా నుండును. పిల్లలు రంగుల గిన్నెలను అందించుచుందురు. పెద్దవాని చేయి వణకినచోట చిన్నవాడు గీతను సరిచేయును. ఎవరును దానిని తప్పుగా నెంచరు. గంటలకొలది శ్రమించి వేసిన ఆ పట్నమును, పెండ్లి ముగిసినవెంటనే దేవుని పేరు చెప్పి పాదములతో తొక్కి చెరిపివేయుదురు. చెరిగినదానికై విచారించువా రుండరు. మరుసటి యేడు మరల వేయు చేతులు ఆ ముంగిటనే యున్నవని వారికి తెలియును.

ఒక ఒగ్గు బృందమున సాధారణముగా నలుగురైదుగురు ఉందురు. నడుమ కథకుడు, అతని ప్రక్కన వంత, వెనుక డోలువాడు, తాళములవాడు. కొన్నియెడల కంజిర, నఫీరా సైతము చేరును. బాలుడు బృందములోనికి వచ్చుట తాళములతో. పదేండ్ల పిల్లవాని చేతికి ముందుగా తాళములనే ఇత్తురు. ఏలయన లయ తప్పిన తాళము వెంటనే చెవికి గుచ్చుకొనును, దానిని సరిదిద్దుట సులభము. తాళము చేతికి లొంగిన పిదప డోలు. ఒక చేత పుల్ల, రెండవ చేత అరచేయి. త్రాళ్లను బిగించి శ్రుతి చూచుట, మెడకు తగిలించుకొని రాత్రియంతయు నిలుచుట, నిలిచి నిద్రపోకుండుట, ఇవన్నియు అప్పుడు నేర్వవలసినవి. డోలు వచ్చిన పిదప వంత.

వంతవాని పని చూచుటకు అల్పము, చేయుటకు కష్టము. కథకుడు “ఏడు గుట్టలు దాటిండు” అనును, వంతవాడు “దాటి?” అనును. కథకుడు “ఎనిమిదో గుట్ట కాడ ఆగిండు” అనును, వంతవాడు “ఎందుకాగినట్టు?” అనును. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుట కూర్చున్న వందమంది మనసులోని ప్రశ్న పైకి వచ్చినట్లగును. కథకుడు అలసి ఊపిరి తీసికొను క్షణమున పాటను పట్టి నిలుపువాడు వంత. కథ మరీ దుఃఖమున మునిగినప్పుడు ఒక హాస్యపు మాటతో దానిని ఒడ్డునకు చేర్చువాడు వంత. తెల్లవారుజామున జనము కునుకుచుండగా గొంతెత్తి లేపువాడును వంతయే. ఇట్లు పదేండ్లు, పదునైదేండ్లు ప్రశ్నలడుగుచు అడుగుచు, ఆ కథకు గల జవాబులన్నియు అతనికి నోటికి వచ్చును. పుస్తకము లేదు, వ్రాతప్రతి లేదు. ఒకనాడు కథకునికి జ్వరము తగిలినప్పుడో, ఏకకాలమున రెండూళ్లనుండి పిలుపు వచ్చినప్పుడో, వంతపాడిన బాలుడే ఒగ్గు చేతబట్టి నడుమ నిలుచును. అప్పటికి అతని గొంతు మారియుండును. ఆ మారిన గొంతే మల్లన్న గొంతు. లేతగొంతుతో మల్లన్న కోపము పలుకదు.

ఈ విద్యతో కడుపు నిండెనా అని అడిగినయెడల, పూర్తిగా నిండలేదనియే చెప్పవలెను. సంక్రాంతినుండి ఉగాదివరకు కొమురవెల్లిలో జాతర సాగును. సంక్రాంతినాళ్లలోనే ఐనవోలు జాతర. శివరాత్రికి కొమురవెల్లిలో పెద్దపట్నము, జాతర చివర అగ్నిగుండములు. ఇటు కురవి వీరభద్రస్వామి గుడియొద్ద తిరునాళ్లు. ఈ రెండుమూడు నెలలు బృందములకు ఊపిరాడదు. మిగిలిన కాలమంతయు గొర్లవెంట తిరుగుటయు, ఉన్ని వడకుటయు, గొంగళ్లు నేయుటయు, కూలికి పోవుటయు. కథ చెప్పించుకొన్న యింటివారు ఇచ్చిన బియ్యము, బట్టలు, దేవుని ముందు వేసిన నజరు, ఇవియే రాబడి. నిజాము పాలనలోని దేశముఖుల యేలుబడిలో ఆ గొర్లకాపరికి గొర్రెలమీదనైనను పూర్తి హక్కు లేకుండెను. దొరగారింట విందు జరిగినచో మంద నుండి గొర్రె పోవలసినదే. పగలు గొర్రెను పోగొట్టుకొన్నవాడు, రాత్రి బీరప్ప కథలో అన్యాయమును గెలిచిన వీరుని గూర్చి పాడెను. ఈ రెండింటిని వేరుచేసి చూచినవారికి తెలంగాణపు పాట యందలి పదును అర్థము కాదు.

ఆ పదును 1946లో వెలికి వచ్చెను. ఆ యేడు జూలై 4వ తేదీన, విసునూరు దేశముఖు మనుషులు కాల్చిన తుపాకీ గుండ్లకు కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య నేలకూలెను. అతడు కురుమ యువకుడు. ఒగ్గు కథలను వినుచు పెరిగిన కులమువాడు తానే ఒక కథయై పోయెను. అతనిపై కట్టిన పాటలు ఊరూర వ్యాపించినవి. ఆ దినములలోనే పల్లెటి కళారూపములు కొత్త పనికి పూనుకొనెను. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగముల కథను బుఱ్ఱకథగా దిద్ది ఊరూర తిప్పెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ ఇంకను ఇరువదులలో నుండగనే, తాను నడుమ నిలిచి, ఇరుప్రక్కల ఇద్దరు వంతలను నిలిపి, ఆ ముగ్గురు యువకుల గొంతులతో వేలకొలది జనులను కూర్చుండబెట్టెను. తెలంగాణమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటపు నోరుగా మార్చెను. కథకుడు, వంత, వాద్యము అను ఆ మూడుకాళ్ల పీటయే ఒగ్గుకును, బుఱ్ఱకథకును, గొల్లసుద్దులకును ఆధారము. దేవుని ముంగిట చెప్పిన కథను ఊరినడుమ, కులభేదము లేక గుమిగూడిన జనుల యెదుటను చెప్పవచ్చునని ఆ కాలము ఋజువు చేసెను.

ఆ ఋజువును ఒగ్గు విషయమున జీవితాంతము ఆచరించి చూపినవాడు చుక్క సత్తయ్య. జనగామ ప్రాంతమున, లింగాల ఘనపురం మండలములోని మాణిక్యపురమున, 1935 మార్చి 29న జన్మించిన ఆ మహాకళాకారుడు, నిజాము రాజ్యముపై పోలీసుచర్య జరిగిననాటికి పదమూడేండ్ల బాలుడు. అతడు ఈ విద్యలోనికి వచ్చినదియు బాల్యముననే. అయితే తనకు ముందువారు ఎక్కువగా పూజాకార్యమునకే పరిమితముగా నుంచిన కథను ఆయన వేదిక యెక్కించెను. కూర్చుండి చెప్పు కథను నిలబెట్టి ఆడించెను. ఒక్క మనిషియే తల్లియు, కొడుకును, రాజును, భటుడునై గొంతు మార్చి, నడక మార్చి, కన్నుల చూపు మార్చి, క్షణములో వేరొకడగు నటనను అందు చేర్చెను. వేలాది ప్రదర్శనములిచ్చెను. అక్షరాస్యతవంటి ప్రజోపయోగమైన విషయములను ఒగ్గు దరువులో చెప్పి, చదువురాని జనుల చెవికి చేర్చెను. తన పేరైనను వ్రాయనక్కరలేని విద్యలో ఆరితేరిన ఆయనకు దేశము 2014వ సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారము నిచ్చి గౌరవించెను. 2017 నవంబరు 9న ఆయన దివంగతుడయ్యెను. 82 ఏండ్ల ఆ జీవితమున ఆయన వెంట వంతపాడి, డోలుకొట్టి, తరువాత తామే బృందములను కట్టినవారు ఈ జిల్లాలలో నేటికిని కథ చెప్పుచున్నారు.

పండితలోకము ఈ సంపదను గుర్తించుటకు కొంత కాలము పట్టెను. వరంగల్లు ప్రాంతపు దేవనూరున 1925లో పుట్టిన బిరుదురాజు రామరాజుగారు, పల్లెపాటను విశ్వవిద్యాలయపు మెట్లెక్కించిన మొదటివారు. తెలుగు జానపదగేయ సాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆయన చేసిన పరిశోధన, తరువాతివారికి రాచబాట అయ్యెను. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడిన పిదప వరంగల్లున జానపద గిరిజన విజ్ఞానపీఠము నెలకొనుటచే, ఈ సీమ కళాకారులకు తమ యింటి ప్రక్కనే ఒక విద్యాపీఠము దొరికెను. కథ చెప్పు నోటికిని వ్రాసికొను కలమునకును నడుమ గల దూరము కొంత తగ్గెను. మరియొకవైపు క్యాసెట్టుల కాలము వచ్చి, మల్లన్న కథయు ఎల్లమ్మ కథయు భాగములు భాగములుగా సంతలలో అమ్ముడుపోయెను. నేడు యూట్యూబులో గంటలకొలది నిడివిగల ఒగ్గుకథలను వలసపోయిన కూలి దుబాయి గదిలో పడుకొని వినుచున్నాడు. ఇది సంతోషింపదగిన విషయము.

ఇక పడుచువారి బృందము. గడచిన కొన్ని దశాబ్దములలో ఒగ్గునుండి ఒక కొమ్మ చీలి, తానే చెట్టయ్యెను, అది ఒగ్గుడోలు. ఇందు కథకుడు లేడు. ఇరువదిమంది, ముప్పదిమంది యువకులు మెడలో డోళ్లు, కాళ్లకు గజ్జెలు, నడుమునకు దట్టీలు కట్టి వరుసదీరుదురు. నాయకుడు ఒక్క దరువు వేయగానే అందరి పుల్లలును ఒక్కసారి లేచి, ఒక్కసారి పడును. వలయమై తిరుగుదురు, రెండు పాయలుగా చీలుదురు, మరల కలియుదురు. ఉన్నట్టుండి నలుగురు వంగగా వారి భుజములమీద ముగ్గురు, ఆ ముగ్గురిమీద ఒక చిన్నవాడు. ఆ చిన్నవాడు పైన నిలిచియు డోలు కొట్టుట మానడు. క్రింద నిలిచినవాని కాలి కండరములు వణకుచుండును, ముఖమున మాత్రము నవ్వు చెదరదు. జాతరలలోను, పెండ్లి ఊరేగింపులలోను పుట్టిన ఈ విన్యాసము, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడి, బోనములు రాష్ట్రపండుగ యైన పిదప, హైదరాబాదు వీధులలోను, ప్రభుత్వోత్సవములలోను ముందు నడచు గౌరవమును పొందెను. ఊరిలో గొర్రెలు కాచిన యువకుడు రాజధానిలో వేలజనుల చప్పట్ల నడుమ అడుగు వేయుచున్నాడు. లాటిన్ దేశముల బాలబృందములను చూచి మురియు మన పిల్లలు, తమ జిల్లా పిల్లలు చేయు ఈ పనిని చూచిననాడు ఏ విధముగను తక్కువగా మురియరు.

అయినను, ఈ కళను ప్రేమించువాడుగా నా మనసులోని బెంగను దాచలేను. డోలు ముందునకు పోవుచున్నది, కథ వెనుకబడుచున్నది. డోలు విన్యాసము పదినిమిషములలో ముగియును, కంటికి ఇంపు గొల్పును, మాటతో పనిలేదు, ఏ సభకైనను సరిపోవును. కథయో, రాత్రియంతయు కావలెను. వినుటకు ఓపిక కావలెను. చెప్పుటకు పదునైదేండ్ల వంత కావలెను. సభానిర్వాహకులు డోళ్లవారిని పిలుతురు, కథకుని పిలువరు. పిలుపు ఎటుండునో పిల్లవాడు అటే పోవును. ఇది అతని తప్పు గాదు. బడికి పోవు పిల్లవానిని రాత్రియంతయు నిలబెట్టుట న్యాయమును గాదు. కాని దాని ఫలితము మాత్రము గంభీరము. డోలు కొట్టు యువకునికి ముప్పది నిండి, భుజముమీద మనిషిని మోయు బలము తగ్గిననాడు, అతడు ఏమి చేయవలెను? కథ వచ్చినవాడైనచో నడుమ నిలుచును. కథ రానివాడైనచో, సముద్రమావలి బాలబృందమున పదునారేండ్లు నిండినవానివలె, డోలు దింపి వెడలిపోవలసినదే. తరతరములుగా ఏ బాలుని వెలికి పంపని బృందము, మన కాలమున తొలిసారిగా బాలురను వెలికి పంపుటకు సిద్ధమగుచున్నది.

దీనిని తప్పించుటకు మహాప్రయత్నము లేవియు అక్కరలేదు. సెలవుదినములలో గ్రామపాఠశాలల ఆవరణమున వయసుమళ్లిన కథకుడు నలుగురు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని కథ చెప్పుటకు వీలు కలిగించవలెను. అందుకు ఆయనకు నెలకు ఇంత అని గౌరవవేతనము ముట్టవలెను. డోలు బృందమును పిలిచిన ప్రతి సభయు, డోళ్లు ఆగినపిదప అరగంటయైనను కథకు ఇయ్యవలెను. కథలను వ్రాసి పెట్టువారు కథకుని మాటలనే కాక, వంతవాని ప్రశ్నలను సైతము వ్రాయవలెను. ఆ ప్రశ్నలు లేని ఒగ్గుకథ గవ్వలు రాలిన దండవంటిది. కురుమలును గొల్లలును తరతరములుగా తమ ఖర్చుతో, తమ రాత్రులతో కాపాడిన ఈ సంపదకు ఊరివారందరును ఇప్పుడు కావలి నిలువవలెను.

నెల్లికుదురు సీమవారికిని, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని చదువరులకును నా విన్నపము ఒక్కటే. ఈ మాఘమాసమున మీ ఊర ఎవరో యొకరి వాకిట పట్నము వేయుదురు. డోళ్ల విన్యాసము ముగియగానే లేచి పోకుడు. మీ పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మల్లన్న పెండ్లి ముగిసి పట్నము చెరుపు నంతవరకు వినుడు. వంతపాడు బాలుడు “తరువాత?” అని అడుగునప్పుడు, ఆ మాటను మీరును పలుకుడు.